సంతకం పెట్టే ముందు దుప్పటి చూపించమను

(హాస్టళ్లు తెరవడానికి ముందు మదనపల్లెలో జరిగిన విద్యార్థుల సమావేశంలో మాట్లాడిన మాటలివి. పుంగనూరు, కుప్పం నుంచి వచ్చిన పిల్లలు, తల్లిదండ్రులు అడిగిన వాటికి చెప్పిన జవాబులు కూడా ఇందులోనే కలిపి రాసినాను.)

పొద్దున నేను లోపలికి వస్తుంటే గేటు దగ్గర ఒకమ్మ ఆపింది. కుప్పం వైపు నుంచి వచ్చింది. కొడుకును ఆరో తరగతికి హాస్టల్లో వేయాలంట. ఆమె అడిగింది ఒకే ఒక మాట. "పాపా, పిల్లోనికి చాప, దుప్పటి మేమే ఇచ్చి పంపల్లా? ఆడ ఇస్తారా?"

నేను ఈ రోజు రిజర్వేషన్ గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడాలని రెండు పేజీలు రాసుకుని వచ్చినాను. ఆమె మాట విన్నాక ఆ కాగితం మడిచి సంచిలో పెట్టేసినాను. ఈ రోజు పడక గురించే మాట్లాడతాను.

కొందరు నవ్వుతా ఉండారు. నవ్వండి, పర్వాలేదు. కానీ ఒక్కసారి చేతులెత్తండి. ఇక్కడ హాస్టల్లో చదివినోళ్లు ఎంతమంది? చూడండి, దాదాపు అందరమూ. మరి మొదటి రాత్రి నిద్ర పట్టినోళ్లు ఎంతమంది? ఒక్క చెయ్యి కూడా లేవలేదు. అదే నేను చెప్పేది.

మాది పుంగనూరు వైపు ఒక తండా. నాయన, అమ్మ బెంగళూరులో బిల్డింగు పనులకు పోయేవాళ్లు. నన్ను ఆరో తరగతిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో చేర్పించినారు. ఆ హాస్టల్ పేరు చెప్పను, పేరుతో పని లేదు. చేరేటప్పుడు చెప్పిన మాట "పడక తెచ్చుకోండి" అని. మాయమ్మ తన పాత చీరలు నాలుగు ఒకదాని మీద ఒకటి వేసి, నాలుగు రాత్రులు కూర్చుని బొంత కుట్టింది. అంచుకు ఎర్ర గుడ్డ, మధ్యలో చిన్న చిన్న కుట్లు. మన ఆడోళ్ల చేతి పని మీకు తెలుసు కదా.

మొదటి రాత్రే పక్క వరసలో ఒక పిల్ల అనింది, "సుగాలోళ్ల బొంత, వాసన వస్తాంది" అని. అందరూ నవ్వినారు. నేను ఆ బొంతను మడిచి ట్రంకు పెట్టె అడుగున పెట్టేసినాను. సంక్రాంతి సెలవుల వరకు బయటికి తీయలేదు. వట్టి బండల మీద పలచని కార్పెట్టు పరుచుకుని, పావడా కప్పుకుని పడుకున్నాను.

రాయలసీమ అంటే ఎండ అనుకుంటారు బయటోళ్లు. మన మూడు ఊర్ల సంగతి వేరే. మదనపల్లె సముద్ర మట్టం నుంచి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. పక్కనే ఉన్న హార్స్‌లీ కొండలు 1,265 మీటర్లు. కుప్పం కూడా ఎత్తయిన ప్రాంతమే. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున ఇక్కడి బండలు ఎట్లుంటాయో మీకు చెప్పే పని లేదు. ఇక్కడి గాలి చల్లగా, పొడిగా ఉంటుందనే వందేళ్ల కిందట క్షయ రోగుల కోసం మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఆసుపత్రి కట్టినారు. 1915 నుంచి అది ఉంది. చలిగాలి రోగికి మంచిదని కట్టిన చోట కూడా రోగికి మంచం, కంబళి ఇచ్చే పడుకోబెడతారు. హాస్టల్ పిల్లోనికి మాత్రం వట్టి బండ సరిపోతుందా?

నా పక్కన పడుకునే పిల్ల ఎరుకల పిల్ల. దాని దగ్గర వాళ్లవ్వ అల్లిన ఈత చాప ఉండింది, దుప్పటి లేదు. నా దగ్గర బయటికి తీయని బొంత ఉండింది, చాప లేదు. సెలవుల నుంచి వచ్చినాక ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చినాము. కింద దాని చాప, పైన మా బొంత. నవ్వేవాళ్లు నవ్వనీ అనుకున్నాము. ఆ చలికాలం అట్లనే గట్టెక్కినాము. ఇప్పటికీ అది నాకు ఫోన్ చేస్తే "ఏమే బొంతా" అనే పిలుస్తుంది. నేను "ఏమే చాపా" అంటాను.

ఇంతవరకు కథ బాగుంది కదా. ఇక్కడితో ఆపితే బాగుండేది. ఫిబ్రవరిలో మా ఇద్దరికీ గజ్జి పట్టింది. మాకే కాదు, మా గదంతా పట్టింది.

ఇది సిగ్గుపడే విషయం కాదు, అందుకే వివరంగా చెప్తాను. గజ్జి మురికితో వచ్చేది కాదు. కంటికి కనపడనంత చిన్న పురుగు చర్మంలో తొలుచుకుని గుడ్లు పెట్టడం వల్ల వచ్చేది. రోజూ స్నానం చేసేవాళ్లకూ వస్తుంది. ఒకే పడకలో పడుకుంటే, ఒకే దుప్పటి కప్పుకుంటే తొందరగా అంటుకుంటుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ రాత్రిపూట దురద ఎక్కువగా ఉంటే అనుమానించండి. మొదటిసారి పట్టినప్పుడు దురద మొదలయ్యేదానికి నెల, నెలన్నర దాకా పట్టవచ్చు. అంటే నీకు దురద మొదలయ్యే నాటికే పక్కనున్న పిల్లలకు అంటి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. నిర్లక్ష్యానికి గురైన జబ్బు అంటే, నిర్లక్ష్యానికి గురైన జనానికి వచ్చే జబ్బు అని నేను అర్థం చేసుకున్నాను.

మందు ఉంది. పెర్మెత్రిన్ అనే పూత మందు. పీహెచ్‌సీలో డాక్టరుకు చూపించి, ఎట్ల వాడాలో అడిగి తీసుకోండి. మెడ నుంచి అరికాళ్ల దాకా పూసుకుని రాత్రంతా ఉంచుకోవాలి, వారం తర్వాత మళ్లీ ఒకసారి పూసుకోవాలి. అసలు కిటుకు ఏమంటే, గదిలో ఉండే అందరూ ఒకే రోజు పూసుకోవాలి. దురద లేనోళ్లు కూడా. ఒకరు పూసుకుని ఇంకొకరు మానేస్తే మళ్లీ తిరిగి వస్తుంది. బట్టలు, దుప్పట్లు వేడి నీళ్లలో ఉతికి బాగా ఎండలో ఆరేయాలి. ఉతకలేని వాటిని ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి వారం పక్కన పెట్టండి. మనిషి ఒంటి మీద లేకపోతే ఆ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు.

మాకు ఇదంతా ఎవరూ చెప్పలేదు. మాకు చెప్పింది ఒకటే: "మీ బొంతల వల్లే వచ్చింది, తీసుకపోయి కాల్చేయండి." మాయమ్మ కుట్టిన బొంతను హాస్టల్ వెనక కాల్చినారు. నేను చూస్తా నిలబడినాను.

గజ్జి మా బొంతలో నుంచి రాలేదు. ఇద్దరికి ఒక పడక ఉండడం వల్ల వచ్చింది. ఒక్కొక్కరికి ఒక దుప్పటి, ఒక పరుపు ఉండి ఉంటే మేము ఒకే బొంత కింద ఎందుకు పడుకుంటాము? లేనిదాన్ని పంచుకోవడం మన మంచితనం. కానీ పంచుకోవాల్సిన గతి పట్టించింది మనం కాదు. ఈ రెండు మాటలూ కలిపి గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు నా తప్పు గురించి చెప్తాను. ఇది ఇంతవరకు ఏ మీటింగులోనూ చెప్పలేదు.

నేను తొమ్మిదో తరగతిలో రూమ్ లీడర్ని. ఒక సాయంత్రం రిజిస్టరు తెచ్చినారు. "తనిఖీకి వస్తా ఉండారు, అందరి చేత సంతకాలు పెట్టించు" అన్నారు. నేను చదివినాను. దుప్పటి ఒకటి, బెడ్‌షీటు ఒకటి, ముట్టినట్లు అని ఉంది. ఎవరికీ ఏమీ ముట్టలేదు. "సామాను వారంలో వస్తుంది, ముందు సంతకాలు కానీ" అన్నారు. నేను పెట్టినాను. నా తర్వాత చిన్న పిల్లలను వరసగా పిలిచి, చెయ్యి పట్టి చూపించి మరీ పెట్టించినాను. ఐదో తరగతి వరకే వచ్చిన ఒక పాప పేరు రాయడం రాక వేలిముద్ర వేసింది. వారం కాదు, ఆ ఏడాదంతా దుప్పట్లు రాలేదు. అడిగితే రిజిస్టరు తీసి చూపించినారు. "మీ సంతకాలే కదా ఇవి" అన్నారు.

డిగ్రీలో చేరినాక మన చరిత్ర చదివితే ఆ వేలిముద్ర మళ్లీ గుర్తొచ్చింది. 1871లో బ్రిటిషోళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చినారు. ఎరుకలను, చాలా చోట్ల సుగాలీలను, కొన్ని చోట్ల యానాదులను పుట్టుకతోనే దొంగలని రిజిస్టరులో రాసుకున్నారు. వేలిముద్రలు తీసుకున్నారు. రాత్రిపూట హాజరు పలకాలి, ఎక్కడ పడుకున్నారో పోలీసులకు తెలియాలి. ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టినారు. ఆ చట్టం పోయింది 1952 ఆగస్టు 31న. అంటే స్వాతంత్య్రం వచ్చిన ఐదేళ్లకు.

ఆలోచించండి. మన తాతల పేర్లు రిజిస్టరులో ఎక్కింది వాళ్లు రాత్రి ఎక్కడ పడుకున్నారో కనిపెట్టేదానికి. మన పేర్లు రిజిస్టరులో ఎక్కేది మనకు పడుకునేదానికి పడక ఇచ్చేదానికి. రిజిస్టరు అదే ఆకారం, వేలిముద్ర అదే సిరా. తేడా ఒకటే. వాళ్లకు చదువు రాదు, మనకు వచ్చు. వచ్చి కూడా చదవకుండా సంతకం పెడితే, చదివి కూడా నాలాగా పెడితే, ఆ తేడా పోయినట్లే.

ఇప్పుడు పెద్దోళ్లలో ఒకాయన మాటకు వస్తాను. ఇందాక తాత లేచి అడిగినాడు: "మన పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని దేశమంతా తిరిగినప్పుడు పడక ఎవడిచ్చినాడమ్మా? మన పడక మనం మోసుకుపోతే తప్పేముంది? అడుక్కోవడం ఎందుకు?"

తాతా, నీ మాటలో పౌరుషం ఉంది, కాదనను. కానీ అప్పుడు మన పెద్దలు సొంత ఎద్దులతో సొంత యాపారం చేసినారు. ఎవడి లెక్కలోనూ లేరు. ఈ రోజు హాస్టల్లో చేరిన ప్రతి పిల్లోని పేరు మీద సర్కారు లెక్క రాస్తుంది. మన పేరు మీద వచ్చింది మనకు చేరిందా అని అడగడం అడుక్కోవడం కాదు, లెక్క చూసుకోవడం. మదనపల్లె టమోటా మండీకి పోయిన రైతు తన పెట్టెలు లెక్క పెట్టుకోకుండా చీటీ తీసుకుంటాడా? ఇదీ అంతే.

ఇంకొకటి. "పడక తెచ్చుకోండి" అనేది చిన్న మాట మాదిరి వినిపిస్తుంది. కూలికి పోయే ఇంట్లో ఒక చాప, ఒక దుప్పటి, ఒక దిండు కొనాలంటే రెండు మూడు దినాల కూలి పోతుంది. ఇద్దరు పిల్లలుంటే రెండింతలు. అప్పుడు ఇంట్లో ఏమనుకుంటారు? "వచ్చే ఏడాది చేర్పిద్దాం లే" అనుకుంటారు. ఆ వచ్చే ఏడాది ఆడపిల్లకు రాదు. ఉచిత హాస్టల్ అని బోర్డు ఉంటుంది, గడప దగ్గర కనపడని ఫీజు ఉంటుంది.

ఉండే చోటులో అవమానం కూడా కొత్తది కాదు. విదేశాల్లో అంత చదువు చదివి వచ్చిన అంబేద్కర్‌కే 1917లో బరోడాలో ఉండేదానికి ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని ఉన్నాడు. కొన్ని రోజులకే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టినారు. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. రాత్రి పడుకునే చోటు దగ్గరే మనిషి విలువ తేలుతుంది. రైల్లో చూడండి. ఏసీ పెట్టెలో ఎక్కినోళ్లకు దుప్పటి, దిండు, ఉతికిన బెడ్‌షీటు రైల్వే ఇస్తుంది. కరోనా అని 2020 మార్చిలో ఆపేస్తే, 2022 మార్చిలో మళ్లీ ఇచ్చేదాకా పేపర్లలో రాసినారు. హాస్టల్ పిల్లోనికి దుప్పటి లేకపోతే ఎవరు రాస్తారు? మనమే రాయాలి. అందుకే ఈ పేజీలో పెడుతున్నాను.

సరే, గేటు దగ్గర అమ్మకు ఏం చెప్పాలి? తీసుకపోవాలా, వద్దా?

నా జవాబు: తీసుకపోండి. కానీ రావాల్సింది వదలద్దు.

ఎందుకు తీసుకపోమంటున్నానంటే, హక్కు కోసం కొట్లాడేది పెద్దోళ్లం, చలికి వణికేది ఆరో తరగతి పిల్లోడు. మన కొట్లాటకు వాణ్ణి పణంగా పెట్టే అధికారం మనకు లేదు. దుప్పట్లు వచ్చే లోపల వానికి రాత్రులు గడవాలి. అందుకని ఉతకడానికి వీలయ్యే దుప్పటి ఒకటి, చాప ఒకటి ఇచ్చి పంపండి. దూది పరుపులు, మందపాటి దిండ్లు వద్దు. ఆరవు, నల్లులు చేరతాయి. పిల్లోని పేరు మూలన దారంతో కుట్టండి. స్కెచ్ పెన్నుతో రాస్తే రెండు ఉతుకులకు పోతుంది. ఆడపిల్లలకు ముదురు రంగు బెడ్‌షీటు ఇంకొకటి అదనంగా పెట్టండి. నెలసరిలో మరక పడుతుందని రాత్రంతా కూర్చుని నిద్రపోయిన చెల్లెళ్లను నేను చూసినాను. ఒక్క ముదురు రంగు గుడ్డతో ఆ భయం పోతుంది.

ఇంట్లో బొంత కుట్టి ఇస్తే సిగ్గుపడకుండా పరుచుకోండి. ఎవరన్నా నవ్వితే "మాయమ్మ కుట్టింది, మీయమ్మకు వస్తుందా?" అని అడగండి. నేను ఆ రోజు అడగలేకపోయినాను.

ఆదివారం ఆదివారం పడకలన్నీ ఎండకేయండి. మంచాలుంటే సందుల్లో నల్లులు ఉన్నాయేమో చూసి మరిగే నీళ్లు పోయండి. సెలవులకు ఇంటికి పోయేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు ఉతికి, ఎండలో వేసి మడవండి. ఇది ఎవరినో నిందించేదానికి కాదు. వేరే దేశాల్లో యాత్రికులు దిగే హాస్టళ్లలో కూడా ఇదే గొడవ. కొన్ని చోట్ల సొంత పడక తెచ్చుకోమంటారు, కొన్ని చోట్ల నల్లులు వస్తాయని బయటి పడకను లోపలికే రానియ్యరు, వాళ్లే ఉతికిన బెడ్‌షీటు ఇస్తారు. గమనించండి: వద్దు అన్నచోట వాళ్లే ఇస్తారు. ఇవ్వకుండా వద్దు అనడం, ఇవ్వకుండా కాల్చేయడం మన దగ్గరే చూసినాను.

కాలేజీలో చేరే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక ప్రశ్న అడిగినారు. కాలేజీ హాస్టళ్లలో చాలా చోట్ల పడక మనమే తెచ్చుకోవాలి. చేరే ముందే అడిగి కనుక్కోండి. నేను చదివేటప్పుడు వసతి దీవెన అని ఉండేది. 2020లో మొదలైంది. ఐటిఐ వాళ్లకు ఏడాదికి 10 వేలు, పాలిటెక్నిక్ వాళ్లకు 15 వేలు, డిగ్రీ ఆపైన వాళ్లకు 20 వేలు అని పెట్టినారు, రెండు విడతలుగా. ఏ సాయమైనా విడతలుగా వస్తుంది, పడక మాత్రం మొదటి రాత్రే కావాలి. కాబట్టి సీనియర్లు ఒక పని చేయండి. చదువు అయిపోయి పోయేటప్పుడు మీ పరుపు, దుప్పటి అమ్ముకోకుండా, ఉతికి, ఎండకేసి, కొత్తగా వచ్చే మన పిల్లోనికి ఇచ్చి పోండి. నాకు డిగ్రీ మొదటి ఏడాది పరుపు ఇచ్చింది ఒక యానాది అక్క. నేను పోతా పోతా ఇంకొకరికి ఇచ్చినాను.

ఇప్పుడు రావాల్సింది వదలద్దు అన్నాను కదా, అది ఎట్ల?

సర్కారు బడి పిల్లల హాస్టళ్లలో భోజనం, యూనిఫాం, పుస్తకాలతో పాటు పడక సామాను కూడా ఇచ్చేదే. చేర్పించే రోజే అడగండి: ఈ ఏడాది ఏమేమి ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు? మర్యాదగా అడగండి. చాలా మంది వార్డెన్లు మంచోళ్లే. పైనుంచి సామాను రాకపోతే వాళ్లేం చేస్తారు? రాలేదని కాగితం మీద రాసిమ్మనండి, లేదా మనమే రాసిచ్చి, ఒక కాపీ మీద ముట్టినట్లు సంతకం తీసుకోండి. అప్పుడు ఆ కాగితం వార్డెనుకు కూడా బలమే.

అయినా కదలకపోతే సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే వేదిక ఉంది. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. మా పిల్లోడు ఉండే హాస్టలుకు ఈ ఏడాది ఎన్ని దుప్పట్లు మంజూరైనాయి, ఎన్ని ముట్టినాయి, పంపిణీ రిజిస్టరు నకలు ఇవ్వండి అని మూడు వాక్యాలు రాస్తే చాలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నట్లు కాగితం జతచేస్తే ఫీజు లేదు. పిల్లలకు ఆపద అనిపిస్తే 1098కి ఫోన్ చేయవచ్చు. పిల్లోడే చేయవచ్చు.

మన జిల్లా వైపు ఐదో షెడ్యూలు ప్రాంతం లేదు. పాడేరులో, సీతంపేటలో ఉన్నట్లు ఆదివాసీలు ఎక్కువగా ఉండే మండలాలు మనకు లేవు. సుగాలీలు ఒక తండాలో, ఎరుకలు ఊరి చివర, యానాదులు చెరువు గట్టున, నక్కలోళ్లు బస్టాండు పక్కన, చెల్లాచెదురుగా ఉంటాము. మనమందరం ఒకే కప్పు కింద కలిసేది ఒక్క హాస్టల్లోనే. కాబట్టి హాస్టల్ బాగుంటేనే మనం ఒకటిగా ఉంటాము. ఒక చాప, ఒక బొంత కలిసినట్లు.

చివరగా పిల్లలకు. పెద్ద పెద్ద నినాదాలు మర్చిపోయినా ఫర్వాలేదు, ఈ ఒక్కటి మర్చిపోవద్దండి. రిజిస్టరు తెచ్చి సంతకం పెట్టమంటే, ముందు చదువు. "దుప్పటి ముట్టినది" అని ఉంటే, దుప్పటి చేతికి వచ్చినాకే పెట్టు. రాకపోతే "సార్, దుప్పటి చూపించండి, పెడతాను" అను. కోపంగా అనొద్దు, మామూలుగా అను. ఒక్కడివే అంటే భయమైతే గదిలో అందరూ కలిసి అనండి. రూమ్ లీడరువి నువ్వే అయితే, నీ వెనక నిలబడిన చిన్న పిల్లల చెయ్యి పట్టుకుని వేలిముద్ర వేయించకు. నేను వేయించినాను. ఆ పాప ఏడో తరగతిలో బడి మానేసింది. దుప్పటి లేకనే మానేసింది అని నేను చెప్పలేను. కానీ ఆ వేలిముద్ర నా చేత్తో వేయించిందే.

గేటు దగ్గర అడిగిన అమ్మ ఇక్కడే మూడో వరసలో కూర్చుని ఉంది. అమ్మా, దుప్పటి ఇచ్చి పంపించు. పేరు దారంతో కుట్టు. చేర్పించే రోజు నాకు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను. ఇద్దరం కలిసి రిజిస్టరు చదువుదాం.